ఇది ఎవరి కడుపులో అరిగింది?

మా హైదరాబాదులో నాకాలకి లోటు లేదు. నేను కాపురముంటున్నది గోల్నాకలో. ముప్ఫై నాలుగేళ్ళు ఉద్యోగం వెలగబెట్టింది తార్నాక వైపు. నాకా అంటే చౌకీ. వచ్చే బండినీ పోయే బండినీ ఆపి, మూటలు విప్పించి, లోపల ఏమున్నదో చూసి గాని ముందుకు కదలనివ్వని చోటు. తార్నాకలో 'తార్' అంటే తీగె. వెనకటి రోజుల్లో అక్కడొక మామిడితోట చుట్టూ ముళ్ళతీగె కంచె ఉండేదనీ, దాని పక్కన చౌకీ ఉండేదనీ, ఆ పేరు అలా వచ్చిందనీ చెబుతారు. ఇప్పుడు తోటా లేదు, తీగా లేదు. పేరు మాత్రం సిటీ బస్సుల బోర్డుల మీద భద్రంగా ఉంది.

ఈ రెండు నాకాల నడుమ ఉన్నది ఉస్మానియా విశ్వవిద్యాలయం. నేను రోజూ పొద్దున్నే సైకిలెక్కి, తిలక్ నగర్ మీదుగా శివం రోడ్డు పట్టుకొని, విశ్వవిద్యాలయం ఆవరణలో పడేవాణ్ణి. 1939లో తయారైన ఆర్ట్స్ కాలేజీ రాతిభవనం ముందునించి పోతుంటే, జీతం తక్కువైనా దారి మాత్రం దొరలు పోయే దారి అనిపించేది. ఆవరణ దాటితే తార్నాక. అక్కడొక పరిశోధనశాల లైబ్రరీలో నా కొలువు.

పరిశోధనశాల అన్నాను గదా అని నన్ను శాస్త్రజ్ఞుణ్ణి అనుకొనేరు. శాస్త్రజ్ఞులు రాసిన పత్రికలను బైండు చేయించి, అట్టల మీద సంవత్సరం వేయించి, బీరువాల్లో సర్దడం నా పని. అయితే దుమ్ము దులిపే గుడ్డ చేతిలో ఉన్నా, కళ్ళు కట్టుకొని లేవు గదా! దులుపుతూ దులుపుతూ కొంత చదివాను. అర్థం కానిది, టీ తాగడానికి వచ్చిన కుర్ర రీసెర్చివాళ్ళని పట్టుకొని అడిగాను. అలా పోగైన చదువు రిటైరైన తరవాత ఇంట్లో అక్కరకొస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. అక్కరకొచ్చింది, మా అత్తమ్మ మూలంగా.

అత్తమ్మ అంటే మా నాన్నకి అక్క. వయస్సు డెబ్భై ఎనిమిది. నల్గొండ జిల్లాలో పుట్టి, అక్కడే మెట్టి, పెనిమిటి పోయాక కూతురి దగ్గర కొన్నాళ్ళూ మా దగ్గర కొన్నాళ్ళూ ఉంటూ వస్తున్నది. గట్టిపిండం. జొన్నరొట్టె చేత్తో చరిచి వేస్తే ఆ చప్పుడు వీధిలోకి వినిపించేది. అటువంటి మనిషిని మొన్న వానాకాలంలో టైఫాయిడ్ పట్టుకొని మూడు వారాలు మంచాన వేసింది. జ్వరం తగ్గింది గాని, తిండి మీద మనసు పోయింది. యాభైరెండు కిలోల మనిషి నలభైనాలుగుకి దిగింది. మెడకింద ఎముకలు బయటపడ్డాయి. గాజులు మోచేతిదాకా జారుతున్నాయి. రెండు ముద్దలు తిని, "సాలు బిడ్డా" అని మా ఆవిడ చేతిని పక్కకి నెట్టేది. ఒక్క పల్చటి మజ్జిగ మాత్రం వద్దనేది కాదు. పూటకో గ్లాసు తాగేది. మాకు ధైర్యమేదన్నా ఉంటే ఆ మజ్జిగ గ్లాసే.

ఈ స్థితిలో ఆమె మనవడు, అంటే కూతురి కొడుకు, చూడటానికి వచ్చాడు. మంచి కుర్రవాడు. కంపెనీలో ఉద్యోగం, పొద్దున్నే కసరత్తు, చేతినిండా కండ. అమ్మమ్మ వాలకం చూసి కళ్ళనీళ్ళు పెట్టుకొని, సాయంత్రానికల్లా ఒక పెద్ద డబ్బా మోసుకొచ్చాడు. దాని ఖరీదు నా నెల పింఛనులో మంచి వాటాయే. డబ్బా మీద కండలు తిరిగిన మల్లుడి బొమ్మ. లోపల తెల్లటి పొడి.

"ఇది ముందే అరిగించిన ప్రోటీన్, పెదనాన్నా! అమ్మమ్మ కడుపు కష్టపడక్కర్లేదు. లోపలికి పోవడమే ఆలస్యం, ఒంటికి పట్టేస్తుంది" అన్నాడు.

ఆ మాట అత్తమ్మ చెవిన పడ్డది. మంచంలోనించి తల ఎత్తి అడిగింది:

"గిది ఎవరి కడుపుల అరిగిందిరా?"

మేము నవ్వాము. ఆమె నవ్వలేదు. "నవ్వుతరేంది? ఒకరు ముట్టిన ఎంగిలి నీళ్ళు సుత తాగనిదాన్ని. ఒకరి కడుపుల అరిగింది నాకు పోస్తరా?" అని గోడవైపు తిరిగి పడుకొన్నది.

కుర్రవాడు నీళ్ళలో కలిపి బతిమాలి ఒక గుక్క పట్టించాడు. ఆమె ముఖం చేదు కషాయం తాగినట్టు ముడుచుకుపోయింది. ఉమ్మేసింది. అంతటితో పోతే బాగుండేది. మర్నాడు ప్రేమకొద్దీ వాడొక ఉపాయం చేశాడు. ఎవరికీ చెప్పకుండా రెండు చెంచాల పొడి ఆమె మజ్జిగలో కలిపేశాడు. నాలుక మోసపోతుందా? ఒక్క గుటకలో కనిపెట్టింది. గ్లాసు కింద పెట్టింది. ఆ పూటనించి మజ్జిగ కూడా మానేసింది. మా ఆవిడ కుండలోనించి కళ్ళెదుట పోసి, తాను ఒక గుక్క తాగి చూపించినా సరే, "వద్దు బిడ్డా, మీరేమో కలుపుతున్నరు" అన్నది. మాకు పై ప్రాణం పైనే పోయింది.

ఆ రాత్రి నేను ఆమె మంచం పక్కన పీట వేసుకు కూర్చున్నాను. ఏ డాక్టరూ ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేదు. ప్రశ్న సరైనదే గదా! అరిగింది అంటున్నారు, మరి ఎవరి కడుపులో అరిగింది? చెప్పవలసిన బాధ్యత మనది కాదూ?

"అత్తమ్మా! ముదురు మాంసం ఉడకకపోతే ఏం చేస్తవు?" అని అడిగాను.

కాసేపు మాట్లాడలేదు. వంట సంగతి వచ్చేసరికి ఉండబట్టలేక, "పచ్చి బొప్పాయికాయ నూరి పట్టిస్తం. ఎందుకు?" అన్నది.

"గది ఎవరి కడుపు?"

ఆమె నావైపు తిరిగింది.

చదువరులకి ఈ బొప్పాయి సంగతి కొత్త కాకపోవచ్చు. మన ఊళ్ళో పచ్చిమాంసంతో బిర్యానీ దమ్ముకి పెట్టే వంటవాళ్ళంతా పచ్చి బొప్పాయి ముద్ద పట్టించేవాళ్ళే. గాటు పెడితే కారే బొప్పాయిపాలలో మాంసాన్ని మెత్తబరిచే సరుకొకటి ఉంది. 1879లో ఫ్రాన్సులో దాన్ని వేరుచేసి పపైన్ అని పేరు పెట్టారు. అదొక ఎంజైము. ఎంజైము అనే మాట 1877లో కూనే అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు తయారు చేసింది. ప్రాణమున్న వాటిలో పుట్టి, తాను ఖర్చు కాకుండా ఇతర పదార్థాల్లో మార్పు తెచ్చే వస్తువులకి ఆ పేరు స్థిరపడ్డది. పపైన్ చేసే పని ప్రోటీన్‌ని తుంచడం. వేడి తగిలేకొద్దీ చురుగ్గా తుంచుతుంది. మరీ తుకతుక ఉడికితే తానే చచ్చి ఊరుకుంటుంది.

ప్రోటీన్ అంటే ఏమిటి? పూలదండ అనుకోండి. దండలో పూలు ఇరవై రకాలు. వాటిని అమైనో ఆమ్లాలంటారు. ఒక పువ్వుకీ మరో పువ్వుకీ మధ్య ముడి ఉంటుంది. ఆ ముడి ఎటువంటిదో 1902లో ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఫిషర్, హోఫ్‌మైస్టర్, ఎవరికి వారే చెప్పారు. ఒక్కొక్క ముడి విప్పాలంటే ఒక్కొక్క నీటి అణువు ఖర్చవుతుంది. అందుకే ఈ విప్పడాన్ని జలవిశ్లేషణ అన్నారు. నోరు తిరగని మాటే గాని, మనం అన్నం తిన్న ప్రతిసారీ లోపల జరిగేది అదే.

పప్పులోని దండగానీ, పాలలోని దండగానీ దండరూపంలో మన రక్తంలోకి పోవడానికి వీల్లేదు. దారిలో నాకాలున్నాయి మరి! మొదటి నాకా పొట్ట. అక్కడ ఘాటైన ఆమ్లం, దాని తోడు పెప్సిన్. 1836లో ష్వాన్ అనే ఆయన పేరు పెట్టిన ఎంజైము ఇది. దండని పెద్ద పెద్ద తునకలు చేస్తుంది. అక్కడినించి చిన్నపేగు. క్లోమగ్రంథి పంపే ట్రిప్సిన్ మొదలైనవి అక్కడ కాపు కాస్తాయి. చిత్రమేమంటే, ఈ ట్రిప్సిన్ గ్రంథిలో ఉన్నంతసేపూ ఒరలో కత్తి. పేగులోకి వచ్చాక పేగుగోడనించి వచ్చే మరో ఎంజైము దాని ఒర తీస్తుంది. లేకపోతే పుట్టిన ఇంటినే కోసుకు తినేది. చివరి నాకా పేగుగోడ. అక్కడ మిగిలిన తునకలు ఒకటి, రెండు, మూడు పూల ముక్కలై లోపలికి పోతాయి. లోపల మన శరీరం ఆ పూలతోనే తన దండలు తాను కట్టుకుంటుంది. కందిపప్పు దండ అత్తమ్మ కండ అయ్యే వైనం ఇది.

ఇదంతా ఆ రాత్రి అత్తమ్మకి నా చేతనైన మాటల్లో చెప్పాను. "అయితే ఆ డబ్బాలది ఎవరు నమిలింది కాదా?" అన్నది. "కాదు. ఫ్యాక్టరీలో గంగాళంలో పాలప్రోటీన్ పోసి, ఎంజైము కలిపి, వెచ్చగా ఉంచి తుంచారు" అన్నాను. "మరి అంత చేదెందుకున్నది?" అన్నది. చూశారా, పరిశోధనశాలలో కుర్రవాళ్ళు వేసే ప్రశ్న!

దానికీ జవాబు ఉంది. దండలో కొన్ని పూలకి నీళ్ళంటే గిట్టదు. దండ నిండుగా ఉన్నంతకాలం అవి లోపలికి ముడుచుకొని దాక్కుంటాయి. దండ తెగేసరికి బయటపడి నాలుకకి తగులుతాయి. ఆ తునకలే చేదు. పాల కేసీన్‌కీ సోయాకీ ఈ గుణం ఎక్కువ. తియ్యటి పాలు తుంచితే చేదెక్కడమనే ఈ చిక్కుతో ఆహార శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళుగా కుస్తీ పడుతున్నారు. కమలాపండు వాసనా చాక్లెట్ వాసనా కలిపి దాచబోతారు. అత్తమ్మ నాలుక ముందు అవన్నీ దిగదుడుపే.

ఎంజైములతోనే తుంచడం ఎందుకు, ఆమ్లంలో ఉడికిస్తే తెగదా అని మీరడగవచ్చు. తెగుతుంది. 1820లో బ్రాకొనో అనే ఫ్రెంచి ఆయన జంతువుల బంకని గంధకికామ్లంతో ఉడికిస్తే తియ్యటి పలుకులు వచ్చాయి. మొదట చక్కెర అనుకొన్నారు. అది గ్లైసీన్ అనే అమైనో ఆమ్లం. కాని ఆమ్లం మోటు మనిషి. ముడులు విప్పుతూ విప్పుతూ కొన్ని పూలని నలిపేస్తుంది. ట్రిప్టొఫాన్ అనే పువ్వు అసలు దక్కదు. గ్లుటమిన్, ఆస్పరజిన్ అనే రెండు పూలు సగం రెక్కలు రాలి వేరే రూపంతో బయటికి వస్తాయి. రాలిన రెక్క అమోనియాగా దొరుకుతుంది. ఆ అమోనియా చూసి, ఈ రెండూ దండలో ఉండి ఉండాలని శాస్త్రజ్ఞులు అనుమానించారు గాని, చేతికి చిక్కలేదు.

చేతికి చిక్కించినవాడు మన దక్షిణదేశపు మనిషి. పేరు దామోదరన్. నేను దులిపిన 1932 నాటి బయోకెమికల్ జర్నల్ సంపుటంలో ఆయన వ్యాసాలున్నాయి. ఆయన ఆమ్లాన్ని పక్కన పెట్టి ఎంజైములని పట్టుకొన్నాడు. గంజాయి జాతి మొక్క గింజలోని ఎడెస్టిన్ అనే ప్రోటీన్‌ని ఎంజైములతో నెమ్మదిగా అరిగించి, అందులోంచి ఆస్పరజిన్‌ని చెక్కుచెదరకుండా బయటికి తీశాడు. అదే ఏడు, చిబ్నాల్ మొదలైనవారితో కలిసి గోధుమలోని గ్లయాడిన్ నించి గ్లుటమిన్‌ని తీశాడు. ఉందని అనుకొన్నది ఉన్నదని రుజువైంది. తరవాత ఆయన మద్రాసు విశ్వవిద్యాలయంలో జీవరసాయనశాస్త్రం ఆచార్యులుగా ఉన్నారు. ఆ రెండు వ్యాసాలనీ దులిపి మళ్ళీ బీరువాలో పెట్టేటప్పుడు నాకేదో మావాడు గెలిచినట్టుండేది. ఆమ్లం చేత కానిది, పొట్టలో చడీచప్పుడూ లేకుండా జరిగే పని చేసింది.

ఇంతవరకూ బాగానే ఉంది. మరి తుంచిన ప్రోటీన్ తాగితే మనిషి లేస్తాడా? ఈ ప్రశ్న చరిత్రలో రెండుసార్లు, ప్రాణాలు పణంగా, పరీక్షకి వచ్చింది.

1943లో బెంగాల్ కరువు. లక్షలమంది చనిపోయారు. కలకత్తా వీధుల్లో పడి ఉన్నవాళ్ళని ఆస్పత్రులకి చేరిస్తే, వాళ్ళ పేగులు తిండిని పట్టుకొనే స్థితిలో లేవు. అక్కడి ప్రజారోగ్య సంస్థలో పనిచేసే కృష్ణన్ గారూ, ఆయన సహచరులూ ముందే అరిగించిన ప్రోటీన్ ద్రవం ఇచ్చి చూశారు. మేలు కనిపించిందని 1944లో ప్రకటించారు. ఆ వార్త ఇంగ్లండు చేరింది. ఐరోపాలో యుద్ధం ముగిసేసరికి ఆకలితో అలమటించేవాళ్ళు లెక్కలేనంతమంది ఉంటారని అక్కడి డాక్టర్లకి తెలుసు. ఈ ద్రవాన్ని సిద్ధం చేసుకొన్నారు.

1945 ఏప్రిల్‌లో బ్రిటిషు సైన్యం జర్మనీలోని బెల్సెన్ నిర్బంధ శిబిరంలో అడుగుపెట్టింది. అస్థిపంజరాల్లాంటి మనుషులు వేల సంఖ్యలో. జానెట్ వాన్ అనే వైద్యురాలూ, రోసలిండ్ పిట్-రివర్స్, చార్లెస్ డెంట్ అనే మరిద్దరూ ఈ అరిగిన ప్రోటీన్ పట్టుకొని అక్కడికి వెళ్ళారు. ఏమైంది? నోటికిస్తే చేదు, దుర్వాసన. రోగులు తాగలేకపోయారు. సూదిమందుగా ఎక్కించబోతే, శిబిరంలో తమ తోటివాళ్ళని సూదులతో చంపడం కళ్ళారా చూసినవాళ్ళు గనక, సూది చూడగానే తమనీ చంపడానికే అనుకొని కేకలు పెట్టారు. బెంగాల్ కరువు పేరు మీద తయారుచేసి తెచ్చిన తియ్యటి జావ ఒకటి ఇస్తే, ఆ తీపి వాళ్ళ అలవాటుకి సరిపడలేదు. కడకి ఆ డాక్టర్లు తేల్చింది ఏమిటంటే, మింగగలిగిన వాళ్ళకి కొంచెం కొంచెంగా పాలు పట్టించడమే అన్నిటికన్నా మంచిదని. ఎండిపోయిన ఆ పేగుల్లో కూడా పాలని అరిగించే శక్తి మిగిలే ఉంది. దాన్ని నమ్మి, నోటికి నచ్చేది ఇవ్వవలసింది.

మజ్జిగ గ్లాసు కింద పెట్టిన అత్తమ్మని చూసినప్పుడు నాకు ఈ కథ గుర్తొచ్చి ఒళ్ళు ఝల్లుమన్నది. ఆకలి కన్నా అనుమానం పెద్దది. తిండిలో ఏముందన్నది ఒక ప్రశ్న అయితే, ఎవరు ఏ మనసుతో ఎలా పెడుతున్నారన్నది మరో ప్రశ్న. మొదటిదానికి పరిశోధనశాలలో జవాబు దొరుకుతుంది. రెండోది మంచం దగ్గర దొరకాలి.

తార్నాక సంగతి చెప్పకపోతే నేను ఉప్పు తిన్న ఊరిని మరిచినవాణ్ణవుతాను. మన దేశంలో ఆహారం మీద పరిశోధనకి పెద్ద ఇల్లు తార్నాకలోనే ఉంది. 1918లో కూనూరులో మెకారిసన్ అనే డాక్టరు ఒక్క గదిలో బెరిబెరి జబ్బు మీద మొదలుపెట్టిన విచారణ అది. 1958లో హైదరాబాదు వచ్చింది. 1969లో జాతీయ పోషకాహార సంస్థ అని పేరు మార్చుకొన్నది. అక్కడ డాక్టర్ గోపాలన్, డాక్టర్ శ్రీకాంతియా 1960లో ఒక సంగతి ప్రకటించారు. పెలగ్రా అనే చర్మం పగిలే జబ్బు జొన్నలే ప్రధానంగా తినే పేదవాళ్ళలో ఎందుకు వస్తున్నదని వెతికితే, జొన్న ప్రోటీన్‌లో లూసిన్ అనే పువ్వు మోతాదు మించి ఉండటం కారణం కావచ్చునని. దీని మీద తరవాత వాదోపవాదాలు జరిగాయి. కాని ప్రోటీన్ ఎంత ఉన్నదనే కాదు, అందులో ఏ పూలు ఏ పాళ్ళలో ఉన్నాయన్నది కూడా ముఖ్యమేనని ఆ పని మనకి నేర్పింది. జొన్నరొట్టెకి పప్పు తోడుండాలన్న మాట ఊరకే పుట్టలేదు.

ఆ సంస్థ చెప్పిన మరో సంగతి నాకు ఇంకా ఇష్టం. అప్పట్లో ప్రపంచమంతా 'పిల్లలకి ప్రోటీన్ కరువు, ప్రోటీన్ కరువు' అని గోలపెడుతున్నది. గోపాలన్ గారి బృందం హైదరాబాదు దగ్గరి పల్లెల్లో పిల్లలకి గోధుమపిండి, చక్కెర, నూనె కలిపిన తినుబండారం పద్నాలుగు నెలలు పెట్టి చూసింది. రోజుకి అందులో దాదాపు 310 కేలరీలు, ప్రోటీన్ మాత్రం 3 గ్రాములు. పిల్లలు ఎత్తూ బరువూ పెరిగారు. 1973లో అచ్చయిన ఆ వ్యాసం సారాంశం ఏమంటే, వాళ్ళకి ముందుగా కావలసింది కడుపునిండా తిండి. తిండి చాలకపోతే శరీరం ప్రోటీన్‌ని కూడా పొయ్యిలో పెట్టి కాల్చేస్తుంది. కట్టెలు లేనివాడు టేకు దర్వాజా విరిచి అన్నం వండుకొన్నట్టు. ఖరీదైన పొడి రెండు చెంచాలు పోసి, అన్నం మాన్పిస్తే జరిగేది ఇదే.

అలాగని ముందే అరిగించిన ప్రోటీన్ పనికిమాలినదని నేననడం లేదు. పాల ప్రోటీన్ పడక దద్దుర్లూ నెత్తురు విరేచనాలూ అయ్యే పసిగుడ్డులుంటారు. దండగా ఉన్న పాల ప్రోటీన్‌ని వాళ్ళ ఒళ్ళు శత్రువనుకొంటుంది. బాగా చిన్న తునకలు చేస్తే గుర్తుపట్టదు. 1942లో అమెరికాలో అటువంటి శిశువుల కోసం తుంచిన కేసీన్‌తో ఆహారం తయారుచేశారు. ఇవాళ్టికీ డాక్టర్లు రాసిచ్చేది ఆ కోవదే. క్లోమగ్రంథి చెడినవాళ్ళకీ, పేగు కోసి తీసేసినవాళ్ళకీ, గొట్టంతో ఆహారం పోయవలసినవాళ్ళలో కొందరికీ అది ప్రాణదాత. కాని అది నడవలేనివాడికి ఇచ్చే ఊతకర్ర. నడవగలిగినవాడి చేతికి ఇస్తే వేగంగా పరుగెత్తడు. నాకాలు సరిగా పనిచేస్తున్న ఒంటికి, బయట ముడులు విప్పించి పంపినందువల్ల ఒరిగేది తక్కువ. ప్రోటీన్ పొడులతో కండలు పెంచాలనుకోవద్దని 2024లో ఆ జాతీయ పోషకాహార సంస్థే తన ఆహార సూత్రాల్లో చెప్పింది.

మర్నాడు డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. పరీక్షలు చేసి, "పేగు బాగానే ఉన్నది. ఆమెకి ఇష్టమైనవి కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి. ఏది పెట్టినా చెప్పి పెట్టండి" అన్నాడు. ఆ చివరి మాట ఏ మందులచీటీ మీదా ఉండదు.

ఇంటికి వచ్చి కాగితం మీద లెక్క వేశాను. పెద్దవాళ్ళకి కిలో బరువుకి రోజుకి 0.83 గ్రాముల ప్రోటీన్ అన్నది మన దేశపు 2020 లెక్క. నలభైనాలుగు కిలోల అత్తమ్మకి 36, 37 గ్రాములు. జబ్బుపడి లేచినవాళ్ళకి ఇంకాస్త ఎక్కువైతే మంచిదే. నూటయాభై గ్రాముల బియ్యంలో 12, నలభై గ్రాముల పప్పులో 9, పాలూ పెరుగూ కలిపి మూడు వందల మిల్లీలీటర్లలో 10, కోడిగుడ్డులో 6. కూడితే 37. డబ్బాతో నిమిత్తం లేకుండా సరిపోయింది. మా ఆవిడ ఆ కాగితం చూసి, "ఇంతేనా? ఇంతకోసం ముప్ఫై నాలుగేళ్ళు దుమ్ము దులిపారా?" అన్నది.

తెల్లవారి మా ఆవిడ పెరుగుకుండా, కవ్వం, ఉప్పు, అల్లంముక్క అన్నీ అత్తమ్మ మంచం దగ్గరికే తెచ్చి, ఆమె చూస్తుండగా చిలికింది. మనవడు ఎదుట నిలబడి, "అమ్మమ్మా, నేనే కలిపిన. మళ్ళ కలప" అన్నాడు. ఆమె వాణ్ణి ఎగాదిగా చూసి, "ముందు నువ్వు తాగు" అన్నది. వాడు తాగాడు. తరవాత ఆమె తాగింది. మధ్యాహ్నం పప్పు దగ్గరికి వచ్చేసరికి, మంచంలోనించే కేక: "పలుకు లేకుంట ఉడికించు బిడ్డా!" ఆమెకి తెలియకపోయినా ఆ కేకలో శాస్త్రముంది. కందిలో, చిక్కుడులో, సోయాలో ట్రిప్సిన్ చెయ్యి పట్టుకొని ఆపే పదార్థాలున్నాయి. బాగా ఉడికితే అవి చాలావరకు నశిస్తాయి. పచ్చిసోయా కన్నా ఉడికించిన సోయాతో ఎలుకలు బాగా పెరుగుతాయని ఆస్బర్న్, మెండెల్ 1917లోనే చూశారు.

మూడు నెలలు పట్టింది. ఇప్పుడు అత్తమ్మ నలభైతొమ్మిది కిలోలు. జొన్నరొట్టె చప్పుడు మునుపటంత లేదు గాని, పక్కింటిదాకా వినిపిస్తున్నది. డబ్బాలో పొడిని మనవడు తీసుకుపోయి తానే తాగేశాడు. ఖాళీ డబ్బా మాత్రం ఆమె పోనివ్వలేదు. కడిగి ఎండబెట్టి, అందులో కొత్త చింతపండు కుక్కింది. మూత బిగువుగా ఉన్నదట, పురుగు పట్టదట. పులుసు కాచేటప్పుడల్లా మా ఆవిడ ఆ కండల మల్లుడి తల తిప్పి, గుప్పెడు చింతపండు తీస్తున్నది.